లబ్ధిదారు, సభ్యురాలు, వాటాదారు: గ్రామీణాభివృద్ధి పథకాల తెలుగు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
గ్రామీణ పేదరికాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలు చేపట్టిన పథకాల గురించి ఆర్థిక, సామాజిక శాస్త్రాలలో విస్తృతమైన చర్చ జరిగింది. ఆ పథకాలు తెలుగులో ఏ మాటలతో నడిచాయో, ఆ మాటలు పల్లె మనిషిని ఏ స్థానంలో నిలిపాయో భాషా సాహిత్య విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. 1952 నాటి సమాజ వికాస పథకం మొదలు మహిళా స్వయం సహాయక సంఘాల దాకా వాడుకలోకి వచ్చిన పదాలను, పథకాల పేర్లను, వాక్య నిర్మాణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘లబ్ధిదారు’, ‘సభ్యురాలు’, ‘వాటాదారు’ అనే మూడు మాటల మధ్య ఉన్న తేడా పేదలకూ ప్రభుత్వానికీ ఉన్న సంబంధంలోని తేడాయే అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్రామీణాభివృద్ధి, పాలనా భాష, స్వయం సహాయక సంఘాలు, డ్వాక్రా, ఉపాధి హామీ, యజ్ఞం.

1. ప్రవేశిక

హైదరాబాదులోని నాంపల్లి ప్రాంతానికి తెలుగు భాషతోనూ తెలుగు పల్లెతోనూ దగ్గరి సంబంధం ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లో శాసనసభ ఉంది. 1985 డిసెంబరు 2న ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం దశాబ్దాల పాటు ఆ తోటలోనే పనిచేసింది. అక్కడికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, హిల్‌ఫోర్ట్ రోడ్డులోని హెర్మిటేజ్ కార్యాలయ సముదాయం నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ తన కార్యక్రమాలను నడిపింది. చట్టం చేసే చోటు, భాషను అధ్యయనం చేసే చోటు, పల్లెల పేదరికంపై పనిచేసే చోటు ఇలా ఒకే పేటలో ఉన్నాయి.

ఇంత సామీప్యం ఉన్నా ఈ మూడింటి మధ్య ఒక ప్రశ్నకు చోటు దొరకలేదు. శాసనసభలో ఆమోదం పొంది, కార్యాలయంలో ఉత్తర్వుగా మారి, గ్రామసభలో చదివి వినిపించే తెలుగు ఎలాంటిది? అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. అప్పటి నుంచీ పాలనా భాషపై జరిగిన చర్చ ఎక్కువగా రెండు అంశాల చుట్టూ తిరిగింది. కార్యాలయాల్లో తెలుగు వాడుతున్నారా లేదా అన్నది ఒకటి. వాడే తెలుగు సంస్కృతమయమా, సుబోధకమా అన్నది రెండవది. ఆ తెలుగులో పేదవాడు వాక్యంలో ఎక్కడ ఉన్నాడు, కర్తగానా, కర్మగానా, సంప్రదానంగానా అన్న ప్రశ్న వెనకబడింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను ముందుకు తెస్తుంది.

2. సేవకుడు, సమితి: తొలి దశ మాటలు

స్వాతంత్ర్యానంతరం గ్రామాభివృద్ధికి ప్రభుత్వం చేపట్టిన మొదటి పెద్ద ప్రయత్నం 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం. గాంధీ జయంతి నాడు ప్రారంభించిన ఆ పథకం తెలుగు పల్లెకు కొత్త మాటలు తెచ్చింది. బ్లాకు, బి.డి.ఓ., గ్రామసేవకుడు, శ్రమదానం అలాంటివి. వీటిలో ‘గ్రామసేవకుడు’ అనే మాట గమనించదగినది. ప్రభుత్వోద్యోగి ఇక్కడ సేవకుడు. సేవ పొందేది గ్రామం. ‘శ్రమదానం’లో దాత గ్రామస్థుడే. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అనే సంబంధంలో పల్లెను కనీసం మాట వరకైనా ఇచ్చే వైపున నిలిపిన కాలమది.

ఈ ఆదర్శం ఆచరణలో నిలబడలేదన్నది తెలిసిన విషయమే. ప్రజల చొరవను రేకెత్తించడంలో సమాజ వికాస పథకం విఫలమైందని గ్రహించిన బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల ప్రజాస్వామ్య వికేంద్రీకరణను సూచించింది. రాజస్థాన్ తరువాత దానిని అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1959 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ దానిని ప్రారంభించారు. అప్పుడు ‘పంచాయతీ సమితి’, ‘జిల్లా పరిషత్తు’ అనే పేర్లు వచ్చాయి. సమితి, పరిషత్తు రెండూ కూడి మాట్లాడుకునే చోటును సూచించే మాటలు. 1986లో సమితుల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. ‘మండలం’ భూభాగాన్ని సూచించే మాట. పాలన ప్రజలకు దగ్గర కావాలన్న ఉద్దేశంతో జరిగిన ఆ మార్పులో, కూడి మాట్లాడుకోవడమనే అర్థం మాత్రం పేరులోంచి తొలగిపోయింది.

3. ‘యజ్ఞం’: ఒకే ఊరి రెండు లెక్కలు

ఈ తొలి దశను తెలుగు కథాసాహిత్యం నిశితంగా నమోదు చేసింది. 1966లో వెలువడిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథను భూస్వామ్య దోపిడీ, రుణబంధం, న్యాయం అనే కోణాల నుంచి విమర్శకులు విస్తారంగా చర్చించారు. గ్రామాభివృద్ధి భాషపై విమర్శగా కూడా దానిని చదవవచ్చు.

కథలోని సుందరపాలెం వెనుకబడిన ఊరు కాదు. శ్రీరాములునాయుడి పెద్దరికంలో అభివృద్ధి చెందిన ఊరు. ప్రభుత్వ నివేదికలు ఏయే హంగులను అభివృద్ధికి గుర్తులుగా చెబుతాయో అవి అక్కడికి వచ్చాయి. అదే ఊళ్ళో, అదే కాలంలో, అప్పల్రాముడు ఒకప్పటి రైతు స్థితి నుంచి గోపన్నకు అప్పుపడిన మనిషి స్థితికి దిగజారాడు. ఊరి ఎదుగుదలకు ఒక లెక్క ఉంది, అప్పల్రాముడి దిగజారుడుకు ఒక లెక్క ఉంది. ఈ రెండు లెక్కలనూ ఒకచోట చేర్చి చూసే భాష పంచాయితీకి లేదు. అందుకే అక్కడ అప్పు తీర్చడమే ధర్మంగా మిగిలింది.

అభివృద్ధి కథనానికి కర్త ‘ఊరు’. ఊరికి రోడ్డు వచ్చింది, ఊరికి బడి వచ్చింది అని చెప్పుకోవచ్చు. అప్పు కథనానికి మాత్రం కర్త ఒక్క మనిషి. లాభాన్ని సామూహికంగానూ నష్టాన్ని వ్యక్తిగతంగానూ చెప్పే ఈ పద్ధతిని రామారావు కథానిర్మాణంలోనే బయటపెట్టారు. తన బిడ్డ ఆ రుణంలోకి పెరగకూడదని సీతారాముడు ఆ పసివాడినే చంపిన ముగింపు దిగ్భ్రాంతి కలిగిస్తుంది. అంతవరకు సాగిన ధర్మచర్చలో అప్పు వారసత్వంగా ఎవరికి చేరుతుందన్న మాట ప్రధానం కాలేదు. ఆ మాటను సీతారాముడు చేతలతో చెప్పాడు. ఈ కథ వెలువడిన తరువాత వచ్చిన ప్రభుత్వ పథకాలలో చాలావాటికి అప్పే ప్రధాన సాధనం కావడం వల్ల ‘యజ్ఞం’ వేసిన ప్రశ్న పాతబడలేదు.

4. ‘లబ్ధిదారు’: పదం, వాక్యం

1978–79లో మొదలై 1980 అక్టోబరు 2 నుంచి దేశమంతటికీ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం పద్ధతిని మార్చింది. ఊరు మొత్తానికి బదులు పేద కుటుంబాన్ని గుర్తించడం, కొంత సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పుగా కలిపి పాడి పశువు వంటి ఆస్తిని సమకూర్చడం దాని విధానం. పేదల మధ్యనే ఎంపిక అవసరమయ్యే ఈ నిర్మాణానికి ఎంపికైనవారిని పిలవడానికి ఒక మాట కావాలి. ‘లబ్ధిదారు’ ఆ అవసరాన్ని తీర్చే మాట.

‘లబ్ధి’ సంస్కృతం. పొందడం, లాభం అని అర్థం. ‘దారు’ పారసీకం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన ప్రత్యయం. కలిగినవాడు, పట్టుకున్నవాడు అని అర్థం. తెలుగులో ఈ ప్రత్యయంతో చాలా మాటలున్నాయి. పట్టాదారుకు పట్టా ఉంది. కౌలుదారుకు కౌలు ఒప్పందం ఉంది. వాటాదారుకు వాటా, ఖాతాదారుకు ఖాతా, హక్కుదారుకు హక్కు ఉన్నాయి. దరఖాస్తుదారు సైతం తాను రాసిన కాగితాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి. వీరందరి చేతిలోనూ ఏదో ఒకటి ముందే ఉంది, దాని ఆధారంతో వారు అడగగలరు. లబ్ధిదారు చేతిలో ఉన్నది ఇతరులు ఇవ్వగా పొందినదే. ఇవ్వకముందు ఆ మనిషికి ఆ పేరు లేదు, ఇవ్వడం ఆగితే ఆ పేరు ఉండదు.

ఈ మాట చుట్టూ అల్లుకున్న క్రియలు కూడా ఈ అర్థాన్నే బలపరుస్తాయి. లబ్ధిదారుల ‘గుర్తింపు’, ‘ఎంపిక’, నిధుల ‘మంజూరు’, ‘విడుదల’, ‘పంపిణీ’. వీటిలో ఏ ఒక్క పనికీ లబ్ధిదారు కర్త కాదు. ‘మంజూరు’ అరబీ మూలంలో చూడబడినది, ఆమోదం పొందినది. పై అధికారి చూపు పడితేనే పని అవుతుందన్న భావం ఆ మాట పుట్టుకలోనే ఉంది. పత్రికలలో తరచుగా కనిపించే ‘అనర్హుల ఏరివేత’ అన్నది మరింత కఠినమైన ప్రయోగం. బియ్యంలో రాళ్ళను, చేలో కలుపును ఏరివేస్తారు. జాబితా నుంచి ఒక వృద్ధురాలి పేరు తొలగించడానికి అదే క్రియను వాడినప్పుడు, ఆ తొలగింపుకు సంజాయిషీ చెప్పవలసిన అవసరం భాషలోనే తగ్గిపోతుంది.

‘సాధికారత కల్పించడం’, ‘ఉపాధి కల్పన’ అనేవి మరొక తరహా ప్రయోగాలు. సాధికారత అంటే అధికారంతో కూడి ఉండటం. దానిని ఒకరు మరొకరికి కల్పించడమంటే, ఆ అధికారం ఇచ్చేవారి దగ్గరే మూలధనంగా ఉండి వడ్డీ మాత్రమే ఇవతలికి వస్తున్నట్లు అర్థం. ‘మహిళలకు’ అనే రూపం ప్రభుత్వ తెలుగులో విరివిగా కనిపిస్తుంది. ‘మహిళలు’ అనే ప్రథమా విభక్తి రూపం ఎక్కువగా సమావేశానికి హాజరైనవారి సంఖ్య చెప్పేటప్పుడు వస్తుంది.

5. సంఘం మాటలు

ఈ భాషకు భిన్నమైన మరొక భాష అదే పల్లెల్లో పుట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నేపథ్యంలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1990ల తొలి సంవత్సరాలలో రాష్ట్రమంతటా వ్యాపించింది. వాచకంలోని పాఠం చదువుకున్న స్త్రీలు ఆ పాఠాన్ని తమ ఊరి సారా దుకాణానికి అన్వయించుకున్నారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారా మీద పోయే డబ్బును పొదుపు చేద్దామన్న ఆలోచన అదే జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’గా రూపొందింది. 1982–83లోనే మొదలైన డ్వాక్రా పథకానికి ఆంధ్రప్రదేశ్‌లో నిజమైన జనబలం ఈ కదలికతో చేకూరింది.

2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, ప్రపంచ బ్యాంకు సాయంతో ‘వెలుగు’ పథకాన్ని మొదట శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాలలో చేపట్టింది. తరువాత మిగిలిన గ్రామీణ జిల్లాలకు విస్తరించింది. సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య, అవి కలిసి జిల్లా సమాఖ్య అనే నిర్మాణం ఏర్పడింది. సంఘం నడకకు పంచసూత్రాలు చెప్పారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోపలి అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనేవి ఆ అయిదు సూత్రాలు.

పంచసూత్రాల భాషను లబ్ధిదారు భాషతో పోల్చి చూడాలి. సమావేశమయ్యేది, పొదుపు చేసేది, అప్పు ఇచ్చేది, తీసుకునేది, లెక్క రాసేది సభ్యురాలే. అన్ని క్రియలకూ ఆమే కర్త. తీర్మానం పుస్తకంలోని వాక్యం ‘తీర్మానించడమైనది’ అనే కార్యాలయ ఫక్కీలో ముగిసినా, ఆ తీర్మానం కింద సభ్యుల సంతకాలు, వేలిముద్రలు వరుసగా ఉంటాయి. కర్త లేని వాక్యానికి పది పదిహేనుగురు కర్తలు కింద నిలబడి ఉంటారు. ‘సభ్యురాలు’ అనే మాటలో సభ ఉంది. ఎవరికి అప్పు ముందు అవసరమో కూర్చుని తేల్చుకునే సభ అది. ‘లబ్ధిదారు’కు ఆ సభ అవసరం లేదు, జాబితా చాలు.

ఈ రెండు భాషల మధ్య పోటీలో మూడవది వచ్చి చేరింది. బ్యాంకులకు సభ్యురాలు ‘రుణగ్రహీత’. సూక్ష్మ రుణ సంస్థలు కూడా స్త్రీల బృందాలనే ఆధారం చేసుకున్నాయి. ఒకే స్త్రీ పొదుపు సంఘంలోనూ, ఒకటికి మించిన సూక్ష్మ రుణ బృందాలలోనూ ఉండి, ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు చేసే స్థితి ఏర్పడింది. తోటివారి పూచీ సంఘంలో పరస్పర విశ్వాసంగా ఉండేది. అది వారం వారం వసూలుకు వచ్చినవారి చేతిలో ఒత్తిడి సాధనమైంది. ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆపై నాంపల్లిలోని శాసనసభ దానిని చట్టం చేసింది. మహిళా స్వయం సహాయక సంఘాలను దోపిడీ నుంచి కాపాడటమే ఆ చట్టం ప్రకటించిన ఉద్దేశం. అవసరమైన జోక్యమే అది. కాని సంఘం తనను తాను నడుపుకొనే సభగా కాక, కాపాడవలసిన వస్తువుగా అందులో కనిపించింది. సంఘానికి సకాలంలో సరిపడా అప్పు దొరికి ఉంటే సభ్యురాలు బయటి సంస్థల వైపు ఎందుకు చూసేది అన్న ప్రశ్నకు జవాబుగా 2011లో ‘స్త్రీనిధి’ పరపతి సహకార సమాఖ్య వచ్చింది. మండల సమాఖ్యలకు కూడా అందులో భాగస్వామ్యం ఇవ్వడం ద్వారా సభ్యురాలి భాష మళ్ళీ కొంత చోటు సంపాదించుకుంది.

6. మారిన పేర్లు, నిలిచిన పేరు

సంఘాలు అవే అయినా వాటిపై పథకాల పేర్లు ఎన్నోసార్లు మారాయి. 1999 ఏప్రిల్ 1న డ్వాక్రా మరికొన్ని పథకాలతో కలిసి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో విలీనమైంది. రాష్ట్రంలో ‘వెలుగు’ వచ్చింది. 2004లో ప్రభుత్వం మారిన తరువాత అది ‘ఇందిరా క్రాంతి పథం’ అయింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ‘వెలుగు’ తిరిగి వచ్చింది, 2019 తరువాత ‘వై.ఎస్.ఆర్. క్రాంతి పథం’ అయింది. తెలంగాణలో 2024లో ‘ఇందిరా మహిళా శక్తి’ వచ్చింది.

ఇన్ని మార్పుల మధ్య జనం నోట నిలిచింది ‘డ్వాక్రా’. డ్వాక్రా సంఘం, డ్వాక్రా లోను, డ్వాక్రా మహిళ అనే మాటలు పథకం రద్దయి రెండు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు. అది ఒక ఆంగ్ల పేరులోని తొలి అక్షరాల కూర్పు. తెలుగులో దానికి స్వతహాగా ఏ అర్థమూ లేదు. అర్థం లేకపోవడమే దానికి బలమైంది. ఏ నాయకుడి పేరూ, ఏ పార్టీ గుర్తూ అందులో లేనందువల్ల సభ్యులు తమ అనుభవంతో దానిని నింపుకోగలిగారు. తెలంగాణ పల్లెల్లో వరి ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని ‘ఐకేపీ సెంటర్’ అని పిలవడం కూడా ఇలాంటిదే. ఆ మూడక్షరాలు ఏ పేరుకు సంక్షిప్తమో రైతుకు అవసరం లేదు, అక్కడ సంఘం స్త్రీలు ధాన్యం తూకం వేయిస్తారన్నదే దాని అర్థం.

‘పావలా వడ్డీ’ పేరు కూడా జనం లెక్కల నుంచి వచ్చినదే. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. 2004లో వచ్చిన ఈ పథకం పేరును పల్లె వడ్డీ లెక్కలో పెట్టడం వల్ల, రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో అప్పు తెచ్చుకునే మనిషికి అది తక్షణం అర్థమైంది. 2011 జూన్ 30 తరువాత పావలా నాణెం చెల్లకుండా పోయింది. 2012 నుంచి వడ్డీ లేని రుణాల పథకం వచ్చింది. అయినా ‘పావలా వడ్డీ’ మాట మిగిలింది. జనం తమ కొలతలో ఉన్న మాటను, తమ చేతిలో ఉన్న సంస్థ పేరును నిలుపుకున్నారు. ఇచ్చేవారిని గుర్తుచేసే పేర్లను ఆయా ప్రభుత్వాలతో పాటే మారనిచ్చారు.

7. కానుకా? వాటానా?

పథకాల పేర్లలో మరొక వర్గం చుట్టరికానికి, భక్తికి సంబంధించినది. 2009లో వచ్చిన ‘అభయహస్తం’ను చూడవచ్చు. సంఘ సభ్యురాలు రోజుకు 1 రూపాయి జమ చేస్తే ప్రభుత్వం మరో రూపాయి కలిపి, అరవై ఏళ్ళు నిండిన తరువాత నెలకు కనీసం 500 రూపాయల పింఛను ఇవ్వడం ఆ పథకం. అంటే సగం సొమ్ము ఆమెదే. కాని అభయహస్తం దేవతా విగ్రహాల ముద్ర, దాని ఎదుట ఉండేది భక్తుడు. చందాదారు కావలసిన స్త్రీ పేరు మహిమ వల్ల శరణాగతురాలైంది.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంఘ సభ్యురాలికి 10,000 రూపాయల చొప్పున ఇచ్చిన పథకం ‘పసుపు–కుంకుమ’. పుట్టింటివారు ఆడపడుచుకు ఇచ్చేది పసుపు కుంకుమ. తరువాతి ప్రభుత్వం 2020లో సంఘాల పాత అప్పుల మొత్తాన్ని విడతలుగా ఇవ్వడానికి ఎంచుకున్న పేరు ‘ఆసరా’. అక్కచెల్లెమ్మలు, ఆడపడుచులు అనే సంబోధనలు పార్టీలకు అతీతంగా వినిపిస్తాయి. తెలంగాణలో 2018 మే 10న మొదలైన ‘రైతు బంధు’ ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో ప్రారంభమైంది. ఆ చుట్టరికం పట్టాదారుతోనే. పేరు ‘రైతు’ అన్నా జాబితా ‘పట్టాదారు’ అన్నది. కౌలుకు చేసే రైతు ఆ బంధుత్వానికి వెలుపలే ఉండిపోయాడు.

చుట్టరికపు మాటలు తెలుగువారి సంభాషణలో ఆదరానికి గుర్తు. సంఘంలో సభ్యులు ఒకరినొకరు అక్కా, వదినా అని పిలుచుకోవడంలో ఆ ఆదరమే ఉంది. అదే చుట్టరికాన్ని ప్రభుత్వం కలుపుకున్నప్పుడు మాత్రం ఒక చారిత్రక సంగతి గుర్తుకు రావాలి. తెలుగు కుటుంబంలో ఆడపిల్లకు ఆస్తిలో భాగం లేని కాలంలో ఇచ్చిన దానికి పేరు పసుపు కుంకుమ. పెళ్ళినాడు పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చే ఆచారమూ ఉండేది. అది తండ్రి, అన్నల ఇష్టం. అడిగి తీసుకునేది కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మతః హక్కు కల్పించింది. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో గాని రాలేదు. కూతురు పసుపు కుంకుమ పుచ్చుకునే స్థితి నుంచి వాటాదారు స్థితికి వచ్చిన రాష్ట్రం ఇది.

ఆ చట్టం వచ్చిన మూడు దశాబ్దాల తరువాత ప్రజాధనం నుంచి స్త్రీలకు ఇచ్చే దానికి ‘పసుపు–కుంకుమ’ అని పేరు పెట్టడం, ఇంట్లో వదిలివచ్చిన మాటను ప్రభుత్వంలోకి తేవడమే. కుటుంబ ఆస్తిలో వాటాదారైన స్త్రీ ప్రజాధనం విషయంలో కానుక అందుకునే ఆడపడుచు అయింది. కానుక ఎంత పెద్దదైనా దానిని లెక్క అడగడం మర్యాద కాదు. వాటా ఎంత చిన్నదైనా లెక్క అడగడం హక్కు.

8. హామీ, తనిఖీ

కానుక భాషకు ప్రత్యామ్నాయం లేదని చెప్పడానికి వీల్లేదు. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. ఏడాదికి 100 రోజుల పని, దరఖాస్తు చేసిన 15 రోజులలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అనేవి ఆ చట్టంలోని ప్రధానాంశాలు. ‘హామీ’ మాటను పల్లె బాగా ఎరుగును. అప్పుకు హామీ ఉండటమంటే ఏమిటో, హామీ ఉన్నవాడు మాట తప్పితే ఎవరిని నిలదీయాలో తెలుసు. అంతవరకూ పేదవాడి అప్పుకు ఎవరో హామీ ఉండవలసి వచ్చేది. ఇక్కడ ప్రభుత్వమే పేదవాడికి హామీ పడింది. లబ్ధిదారు స్థానంలో దరఖాస్తుదారు నిలిచాడు.

ఆ చట్టం అమలులో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకత ‘సామాజిక తనిఖీ’. తనిఖీ అంతవరకు పై అధికారి కింది అధికారిపై చేసేది. ‘సామాజిక’ అనే విశేషణంతో దాని దిశ మారింది. మస్టరులోని పేర్లను, పనిదినాలను, కూలి మొత్తాలను గ్రామంలో చదివి వినిపించి, ఆ పేరుగల మనిషితోనే నిజమో కాదో చెప్పించడం ఈ పద్ధతి. మండల స్థాయి ‘ప్రజావేదిక’లో ఆ ఫలితాలపై విచారణ జరుగుతుంది. ప్రభుత్వ పత్రం కూలీ ముందు చదివి వినిపించవలసిన పాఠమైంది, కూలీ దాని విమర్శకుడయ్యాడు. పాలనా తెలుగు చరిత్రలో ఈ ఘట్టానికి రావలసిన గుర్తింపు ఇంకా రాలేదు. సరళమైన తెలుగు కావాలన్న వాదానికి అసలైన పరీక్ష ఇదే. చదివి వినిపించినప్పుడు అర్థం కావడం మాత్రమే చాలదు, కాదని చెప్పడానికి వీలు కావాలి.

9. ఒక అభ్యంతరం

మాట మారినంత మాత్రాన బతుకు మారదని, డబ్బు చేరడమే ముఖ్యమని, పేరు ఏదైతేనేమని ఒక అభ్యంతరం రావచ్చు. దీనిలో నిజం ఉంది. వడ్డీ లేని అప్పుతో గేదె కొన్న స్త్రీకి పథకం పేరులోని ప్రత్యయం గురించి చింత ఉండనవసరం లేదు. పైగా ‘లబ్ధిదారు’ స్థానంలో అంతటా ‘హక్కుదారు’ అని రాస్తే అది అబద్ధమవుతుంది. చట్టం హక్కు ఇవ్వనిచోట హక్కుదారు ఉండడు. ఆ విధంగా చూస్తే ‘లబ్ధిదారు’ నిజాయితీ గల మాట. ఇస్తేనే ఉంటుంది, ఆపితే పోతుందన్న వాస్తవాన్ని అది దాచలేదు.

విమర్శ పని ఇక్కడే మొదలవుతుంది. మాటను మార్చమని కోరడానికి ముందు, ఆ మాట ఏ వాస్తవాన్ని చెబుతున్నదో వినాలి. నాంపల్లిలోనే దీనికి మరొక ఉదాహరణ ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారిన నుమాయిష్, స్థానిక వస్తువులను ప్రోత్సహించడానికి ‘ముల్కీ’ ఉత్పత్తుల ప్రదర్శనగా పుట్టింది. సంఘ సభ్యురాలు తన వస్తువుతో అలాంటి అంగడిలో నిలిచినప్పుడు ఆమె అమ్మకందారు. ధర చెబుతుంది, బేరం ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. అదే స్త్రీ మండల కార్యాలయం వరుసలో లబ్ధిదారు. మనిషి మారలేదు, కాదనగల వీలు మారింది. పదాన్ని కొలవడానికి ఈ ‘కాదనగల వీలు’ తగిన గీటురాయి.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• గ్రామసేవకుడు, శ్రమదానం వంటి తొలి దశ మాటలు పల్లెను ఇచ్చే వైపున నిలిపాయి. కుటుంబాలను ఎంపిక చేసే పథకాలతో ‘లబ్ధిదారు’ మాటకు అవసరం ఏర్పడి, పల్లె మనిషి పుచ్చుకునే వైపుకు మారాడు.
• ‘యజ్ఞం’ కథ అభివృద్ధిని ఊరి లెక్కగా, అప్పును మనిషి లెక్కగా చెప్పే భాషను విమర్శించింది. అప్పు ఆధారంగా నడిచే పథకాలన్నింటికీ ఆ విమర్శ వర్తిస్తుంది.
• పొదుపు సంఘాల భాషలో స్త్రీ కర్త. ఆ భాష ఉద్యమం నుంచి వచ్చింది, ఉత్తర్వు నుంచి రాలేదు. ‘డ్వాక్రా’ మాట నిలిచి ఉండటం ఆ యాజమాన్య భావానికి సాక్ష్యం.
• చుట్టరికపు పేర్లు ప్రజాధనాన్ని కానుకగా చూపుతాయి. 1986లోనే కూతురిని వాటాదారుగా గుర్తించిన సమాజానికి ఇది వెనుకడుగు.
• ఉపాధి హామీలోని దరఖాస్తు, భృతి, సామాజిక తనిఖీ అనేవి చట్టం మారితే భాష మారుతుందని నిరూపించాయి.

పథకాల పేర్లు ఇకముందూ మారుతూనే ఉంటాయి. ఆ పేర్లను, ఉత్తర్వులను, సంఘాల తీర్మానం పుస్తకాలను, సామాజిక తనిఖీ నివేదికలను తెలుగు శాఖలు పరిశోధన సామగ్రిగా స్వీకరించవలసి ఉంది. ముఖ్యంగా తీర్మానం పుస్తకాలు లక్షలాది గ్రామీణ స్త్రీలు ఉమ్మడిగా రాసిన తెలుగు గద్యం. వాటికి గ్రంథాలయం లేదు, పట్టిక లేదు, పరిష్కర్త లేడు. పాత పుస్తకాలు నిండి మూలనపడుతున్నాయి, లెక్కలు యంత్రాలలోకి మారుతున్నాయి. సభ్యురాలి భాష ఎలా ఉండేదో రేపటి పరిశోధకుడికి తెలియాలంటే, ముందుగా సేకరించవలసినవి ఆ పుస్తకాలే.